కరెంటూ లింకూ నిలవని చోట క్రోనీ: ఆరేళ్ల వాడకం తర్వాత

కడపలోని ఒక కళాశాల ల్యాబులో ఒక సర్వరు, నలభై కంప్యూటర్లు నా బాధ్యతలో ఉన్నాయి. అన్నింటిలోనూ ఉబుంటు లినక్సే. మొదట్లో వాటి గడియారాలను, టైము దిద్దే టైమ్‌సింక్‌డీ అనే ప్రోగ్రాముకే వదిలేశాను. అది బయటి సర్వరును అడిగి తన టైము దిద్దుకోగలదే గాని పక్క కంప్యూటర్లకు టైము చెప్పలేదు కనుక, ఇంటర్నెట్ లింకు తెగిన వారంలో ఒక్కో యంత్రం ఒక్కో టైము చూపేది. పరీక్షలో ఎవరి జవాబు గడువులోపు అందిందో కంప్యూటర్లు టైముతో సహా రాసుకునే లాగ్ ఫైళ్లు చూసి తేల్చవలసి వచ్చిన రోజున, పిల్లలకు అన్యాయం జరుగుతుందేమోనన్న భయంతో, పక్క కంప్యూటర్లకూ టైము చెప్పగల క్రోనీ అనే ప్రోగ్రాముకు మారాను. దాన్ని ఇన్‌స్టాల్ చేయగానే టైమ్‌సింక్‌డీ తొలగిపోతుంది కనుక రెండూ తగవులాడుకునే ప్రమాదం లేదు.

క్రోనీలో నాకు అన్నిటికన్నా నచ్చినది, గడియారం ఎంత వేగంగా తప్పుతున్నదో లెక్కగట్టి డ్రిఫ్ట్ ఫైలులో రాసుకోవడం. మా సర్వరు గడియారం పది లక్షల సెకన్లకు పద్దెనిమిది సెకన్లు, అంటే రోజుకు ఒకటిన్నర సెకనుకు పైగా, వెనకబడుతుంది. లింకు లేకపోయినా క్రోనీ ఆ లెక్క ప్రకారం దిద్దుతూనే ఉంటుంది. మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో, క్వార్ట్జ్ స్ఫటికం వేడెక్కి ఆ అంకె మారడాన్ని క్రోనీ స్థితిని చూపే 'క్రోనీసీ ట్రాకింగ్' ఆదేశంలో నేనే చూశాను.

ల్యాబు కంప్యూటర్లకు సర్వరే టైము ఇవ్వడానికి క్రోనీ సెట్టింగుల ఫైలులో వాటిని అనుమతించే 'అలౌ' వరుస రాసి, ఫైర్‌వాల్‌లో టైము సందేశాలు వచ్చే యూడీపీ 123 పోర్టు తెరిస్తే చాలు. అయితే కరెంటు పోయి వచ్చాక సర్వరు లేచేసరికి లింకు లేకపోతే, తన టైము నమ్మదగినది కాదని అదే చెబుతుంది, మిగతావి దాన్ని అంగీకరించవు. లింకు లేనప్పుడు తన గడియారాన్నే ఆధారంగా ఇమ్మని చెప్పే 'లోకల్ స్ట్రాటమ్ 10' వరుస చేర్చాక ఆ ఇబ్బంది తీరింది.

నన్ను బాగా విసిగించినది 'మేక్‌స్టెప్ 1 3' అనే డిఫాల్టు (ముందే ఉండే) సెట్టింగు. దాని ప్రకారం క్రోనీ, తాను మొదలైన తర్వాత మొదటి మూడు దిద్దుబాట్లలోనే, తేడా ఒక సెకను దాటితే, టైమును ఒక్కసారిగా మారుస్తుంది. ఆ తర్వాత మెల్లగా జరుపుతుంది. విద్యార్థులు వర్చువల్ మెషీన్‌ను (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటిది) పాజ్ చేసి భోజనానికి వెళ్లి గంట తర్వాత వస్తే, ఆ గంట వెనకబాటు డిఫాల్టు వేగంతో తీరడానికి పన్నెండు గంటలు పడుతుంది. మా ల్యాబు సాయంత్రం అయిదింటికే మూస్తాము. అందుకని వర్చువల్ మెషీన్లలో 3 బదులు, ఎన్నిసార్లయినా అలా మార్చవచ్చని చెప్పే -1 పెట్టాను. డేటాబేసు ఉన్న సర్వరులో మాత్రం ఆ మార్పు చేయలేదు. అక్కడ టైము హఠాత్తుగా వెనక్కి దూకితే రికార్డుల వరుస చెడుతుంది కనుక, అవసరమైనప్పుడు డేటాబేసును ఆపి, 'క్రోనీసీ మేక్‌స్టెప్' ఆదేశాన్ని చేత్తోనే ఇస్తున్నాను.