చంకీ అల్లిక మిషన్‌పై టెన్షన్, డిజైన్లు: విజయనగరంలో కొన్నేళ్ల వాడకం తర్వాత

సిల్వర్ రీడ్ ఎస్‌కే 155 అనే చేతి అల్లిక మిషన్‌ను విజయనగరంలో మా ఇంట్లో కొన్ని చలికాలాలుగా వాడుతున్నాను. చంకీ మిషన్, అంటే లావు నూలు అల్లే మిషన్, కొనాలనుకునేవారు, కొన్నాక టెన్షన్ (అల్లిక బిగువు) దగ్గర ఆగిపోయినవారు నన్ను తరచూ అడిగే విషయాలు ఇందులో రాస్తున్నాను. దీనికి 110 సూదులు ఉంటాయి, సూదికీ సూదికీ మధ్య ఎడం 9 మిల్లీమీటర్లు. సన్నని నూలుకు వాడే మామూలు మిషన్‌లో 200 సూదులు 4.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి కాబట్టి, రెండు మిషన్ల సూదుల పట్టె పొడవు దాదాపు ఒకటే అయినా, దీనిపై కుట్టు పెద్దది, వరుస ఎత్తుగా వస్తుంది, పని త్వరగా తెగుతుంది. కరెంటుతో దీనికి పనే లేదు. పట్టె పొడవే మీటరుకు దగ్గరగా ఉంటుంది, సూదుల మీదుగా చేత్తో జరిపే క్యారేజీ అటూ ఇటూ తిరగడానికి మరికొంత చోటు కావాలి. కాబట్టి బరువైన, కదలని బల్లను ముందే చూసుకోవాలి.

మన జిల్లాలో ఊలు బట్టలకు గిరాకీ ఎక్కడిదని చాలామంది అడుగుతారు. పైడితల్లి సిరిమాను సంబరం దాటి కార్తీకం మొదలయ్యేసరికి పసిపిల్లల స్వెటర్లు, టోపీలు, మేజోళ్లకు ఆర్డర్లు వస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్నవారు నల్ల మఫ్లర్లు అడుగుతారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికి వెళ్లే పెద్దవాళ్లకు శాలువాలు కావాలి. శృంగవరపుకోట మీదుగా అరకు ఘాట్ ఎక్కే కుటుంబాలు మందపాటి స్వెటర్లు అడుగుతాయి. ఈ రకాలన్నిటికీ సన్నని నూలు కంటే డీకే (డబుల్ నిటింగ్ అనే మధ్యరకం) మందం, అంతకంటే కాస్త లావు నూలు బాగా నప్పుతాయి. అందుకే మన ప్రాంతంలో మొదటి మిషన్‌గా చంకీనే తీసుకోమని నేను నిస్సంకోచంగా చెబుతాను.

ఎంత లావు నూలైనా ఈ మిషన్ అల్లేస్తుందని మాత్రం అనుకోకూడదు. సూది కొసన కొక్కెం, దాని వెనుక అటూ ఇటూ పడే చిన్న నాలుక ఉంటాయి. 1849లో ఇంగ్లండ్‌లో మాథ్యూ టౌన్‌సెండ్ పేటెంట్ పొందిన సూది ఈ రకానిదే. క్యారేజీ సూదిని ముందుకు తోసినప్పుడు పాత కుట్టు నాలుక వెనక్కి జారుతుంది, కొక్కెం కొత్త నూలును అందుకుంటుంది, సూది వెనక్కి వెళ్తుంటే పాత కుట్టే నాలుకను మూసి కొక్కెం మీదుగా జారిపోతుంది. నూలు కొక్కెంలో ఇమిడి, దానిపై నాలుక పూర్తిగా మూసుకోగలిగితేనే కుట్టు పడుతుంది. కొత్త నూలు కొన్నప్పుడు దాన్ని ఒక సూది కొక్కెంలో పెట్టి, నాలుకను వేలితో మూసి చూస్తే చాలు. నూలు నలగకుండా నాలుక మూసుకుంటే ఆ నూలు ఈ మిషన్‌కు సరిపోతుంది. ముడులు ముడులుగా, వెంట్రుకలు వెంట్రుకలుగా ఉండే వింత నూళ్లను మొదటి ఏడాది దూరం పెట్టడమే మంచిది.

ఇక టెన్షన్ సంగతి. క్యారేజీ మీద 0 నుంచి 10 వరకు డయల్ ఉంటుంది, ప్రతి రెండు అంకెల మధ్య రెండు చుక్కలు ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ సూది నూలును మరింత లోపలికి లాగుతుంది, కుట్టు వదులవుతుంది. ఒక్క చుక్క జరిపినా తేడా చేతికి తెలుస్తుంది. చాలామంది డయల్ మీది అంకెనే టెన్షన్ అనుకుని, ‘డీకే నూలుకు ఏ నంబరు పెట్టాలి’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అందరికీ పనికొచ్చే జవాబు లేదు. బట్ట బిగువు డయల్ మీద ఎంత ఆధారపడుతుందో, పైన నూలును మిషన్‌కు అందించే కడ్డీ దగ్గరి ఒత్తిడి మీద, కింద వేలాడదీసే బరువుల మీద కూడా అంతే ఆధారపడుతుంది. రెండు కంపెనీల డీకే నూళ్లను ఒకే నంబరు మీద అల్లితే కొలతలు వేరుగా వస్తాయి. ఒకే కంపెనీ నూలులో కూడా నలుపు, ముదురు నీలం లేత రంగుల కంటే గరుకుగా నడవడం నేను గమనించాను.

నూలు కడ్డీ పైభాగంలో నూలును నొక్కిపట్టే బిళ్లలు, వాటి మీద చిన్న తిరుగుడు మీట, ముందుకు వంగిన స్ప్రింగు తీగ ఉంటాయి. క్యారేజీ చివరికి వెళ్లి వెనక్కి తిరిగే క్షణంలో నూలు కాస్త వదులవుతుంది. ఆ వదులును పైకి లాగిపట్టడమే ఆ తీగ పని. అల్లుతున్నప్పుడు తీగ కొద్దిగా వంగి మళ్లీ లేస్తూ ఉండాలి. నిటారుగా నిలబడిపోతే బిళ్లల ఒత్తిడి చాలడం లేదని అర్థం, అప్పుడు అంచుల్లో నూలు ఉంగరాలు వేలాడతాయి. పూర్తిగా కిందికి వాలిపోతే ఒత్తిడి ఎక్కువైందని అర్థం, అప్పుడు అంచు కుట్లు బిగిసి బట్ట పక్కలు లోపలికి లాక్కుంటాయి. అంచు పాడైతే వెంటనే డయల్ మీద చేయి వేయకుండా ముందు ఈ తీగను చూడాలి. క్యారేజీని కూడా చివరి సూది దాటీ దాటగానే వెనక్కి తిప్పాలి. అవసరానికి మించి దూరం తీసుకెళితే తీగ పైకి లాగగలిగిన దానికంటే ఎక్కువ నూలు వదులవుతుంది.

మన బజారులో దొరికే ఊలు సాధారణంగా చిలపలుగానో, బిగుతుగా చుట్టిన ఉండలుగానో వస్తుంది. వాటినుంచి నేరుగా అల్లితే నూలు కుదుపులతో వస్తుంది, ప్రతి కుదుపూ బట్టలో ఒక బిగువు గీతగా కనిపిస్తుంది. నూలు చుట్టే విండర్‌తో మధ్యలోంచి నూలు వచ్చేలా వదులుగా చుట్టుకుంటే ఆ బాధ ఉండదు. కాటన్ నూలు అల్లేటప్పుడు చుడుతూనే కొవ్వొత్తి ముక్కకు రాసుకుంటూ పోయేలా చేస్తే నూలు సూదుల మీద నునుపుగా జారుతుంది.

నమూనా ముక్క అల్లకుండా ఏ స్వెటరూ మొదలుపెట్టకూడదు. ఈ పనిలో నేను పట్టుబట్టి చెప్పే మాట ఇదొక్కటే. వేరే రంగు వేస్ట్ నూలుతో (తర్వాత విప్పేసే నూలుతో) కొన్ని వరుసలు అల్లి, అసలు నూలుతో 30 కుట్ల మీద 40 వరుసలు అల్లి, మళ్లీ వేస్ట్ నూలుతో ముగించాలి. ముక్క అడుగు భాగంలో, టెన్షన్ నంబరు ఎంతో అన్ని కుట్లను పక్క సూది మీదికి మార్చి చిల్లులు వదిలితే, మూడో నంబరుకు మూడు చిల్లులు, ఐదో నంబరుకు ఐదు చిల్లులు బట్టలోనే ఉండిపోతాయి, తర్వాత ఏ ముక్క ఏ నంబరుదో వెతుక్కోనక్కర్లేదు. మిషన్ మీద ఉన్నంతసేపూ బరువులు బట్టను నిలువునా లాగుతూ ఉంటాయి కాబట్టి, దించగానే కొలిస్తే వరుసల లెక్క తప్పుతుంది. రాత్రంతా బల్ల మీద పరిచి ఉంచి, వాడబోయే బట్టను ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరాక కొలవాలి. కాటన్ అయితే ఉతికాక నిలువునా కుదించుకుంటుంది. యాక్రిలిక్ ఊలుకు ఇస్త్రీపెట్టె తగిలితే సాగే గుణం పోయి బట్ట జావగారిపోతుంది, అది మళ్లీ తిరిగి రాదు.

కొలత వచ్చాక మిగిలిందంతా లెక్కే. ఉదాహరణకు 10 సెంటీమీటర్లకు 16 కుట్లు, 22 వరుసలు వచ్చాయనుకుందాం. ఛాతీ 50 సెంటీమీటర్లున్న పసిబిడ్డకు వదులు కోసం 6 కలిపితే 56, అందులో సగం 28 ముందు భాగానికి. 28ని 1.6తో గుణిస్తే దాదాపు 45 కుట్లు, 26 సెంటీమీటర్ల పొడవుకు 57 వరుసలు. అదే 45 కుట్లను 10 సెంటీమీటర్లకు 15 కుట్లు వచ్చే బిగువులో అల్లితే ముందు భాగం 30 సెంటీమీటర్లు అవుతుంది, స్వెటర్ చుట్టుకొలత 60కి పోతుంది. చంకీ మిషన్ మీద కుట్టు పెద్దది కాబట్టి ఒక్క కుట్టు తేడా కూడా ఇంతగా కనిపిస్తుంది. చేతి సూదుల కోసం రాసిన డిజైన్లు కూడా ఈ లెక్కతో మిషన్‌కు మార్చుకోవచ్చు. రాసిన కుట్ల సంఖ్యను పక్కన పెట్టి, రాసిన సెంటీమీటర్లను తీసుకుని, మన నమూనా ముక్కతో గుణించుకోవాలి.

ఎస్‌కే 155లో పంచ్‌కార్డు, అంటే చిల్లులతో డిజైన్‌ను సూదులకు చెప్పే అట్ట, ఉంది, దాని మీద డిజైన్ 12 కుట్లకు ఒకసారి తిరిగి వస్తుంది. మామూలు మిషన్ కార్డులో 24 గడులుంటాయి కాబట్టి ఇది తక్కువేనని మొదట అనిపించవచ్చు. కానీ ముగ్గు పెట్టేవారికి చుక్కల లెక్క తెలిసినట్టే, 12ను 2, 3, 4, 6 సరిగ్గా భాగిస్తాయని తెలిశాక చాలా డిజైన్లు చేతిలోకి వస్తాయి. చీర అంచులోని గుడి గోపురాన్ని నేను 6 గడుల్లో ఇమిడ్చి గళ్ల కాగితం మీద గీసుకుని, ఖాళీ కార్డు మీద చిల్లులు కొట్టి వాడుతున్నాను. ఇక్కడ అడిగేవాళ్లకు మంచు బొమ్మల కంటే అదే నచ్చుతుంది. 5 గడుల, 7 గడుల డిజైన్ మాత్రం ఈ కార్డు మీద కుదరదు. పై లెక్కలో వచ్చిన 45 కుట్లను డిజైన్ ఉన్న స్వెటర్‌కు 48 చేస్తే సరిగ్గా నాలుగు గోపురపు జతలు పడతాయి.

రెండు రంగుల అల్లికలో కార్డు మీద చిల్లు ఉన్నచోట రెండో రంగు పడుతుంది, లేనిచోట ఆ నూలు వెనుకవైపు అల్లకుండా సాగిపోతుంది. వరుసగా 5 కుట్లు వదిలితే బట్టలో ఆ నూలు పోగు దాదాపు 3 సెంటీమీటర్లు అవుతుంది, చంటిబిడ్డ వేలు అందులో ఇరుక్కోవడానికి అది చాలు. ఒక అమ్మమ్మ స్వెటర్‌ను లోపలికి తిప్పి చూసి, ‘మెత్తగుంటే సాలదమ్మా, లోపల దారాలు పిల్ల ఏలికి సుట్టుకోకూడదు’ అన్న మాట నాకు నియమంగా మారింది. పసిపిల్లల బట్టలకు నేను మూడు కుట్లకు మించి పోగు వదిలే డిజైన్ వేయను. ఈ పోగులు బట్టను అడ్డంగా దగ్గరికి లాగుతాయి కాబట్టి డయల్‌ను సుమారు ఒక నంబరు వదులు చేసి, దానికి వేరే నమూనా ముక్క అల్లాలి. టక్ అల్లికలో, అంటే కొన్ని సూదుల మీద నూలును వెంటనే అల్లకుండా పోగేసి తర్వాత ఒకేసారి అల్లే పద్ధతిలో, దీనికి విరుద్ధంగా బట్ట వెడల్పై పొట్టిదవుతుంది. అందుకే సాదా అల్లిక కొలతతో టక్ శాలువా లెక్క కట్టడం కుదరదు. శాలువాలకు, దుప్పట్లకు టక్ అల్లికే ఈ మిషన్ ఇచ్చే అతి అందమైన బట్ట అని నా అభిప్రాయం. తేనెపట్టు గడుల్లా లేచే ఆ బట్ట లావు నూలులో నిండుగా కనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. మణికట్టు దగ్గర, నడుము దగ్గర సాగే పట్టీ అల్లాలంటే ఎస్‌ఆర్ 155 అనే రిబ్బర్ విడిగా కొనాలి. లేకుంటే ఒక కుట్టు విడిచి ఒక కుట్టును కిందికి జార్చి, నాలుక ఉన్న లాచ్ చేతి సూదితో మళ్లీ పైకి అల్లుకుంటూ రావాలి, లేదా అంచు మడిచి హెమ్ వేసుకోవాలి. హెమ్‌లో లోపలి మడతను ఒక నంబరు బిగువుగా అల్లితే అంచు విచ్చుకోకుండా నిలుస్తుంది. మన జిల్లాల్లో ఈ మిషన్‌ను బాగుచేసేవారు నాకు దొరకలేదు కాబట్టి చిన్న మరమ్మతులు సొంతంగా నేర్చుకోక తప్పదు. సముద్రపు గాలికి సూదులు తుప్పు పడతాయి. వానాకాలంలో నూనె తడిపిన గుడ్డతో పట్టెను తుడిచి, పైన కాటన్ గుడ్డ కప్పి ఉంచుతాను.

పాత మిషన్ కొనేవారు అన్నిటికంటే ముందు సూదులను నొక్కిపట్టే స్పాంజి పట్టీని బయటికి లాగి చూడాలి. స్పాంజి అణిగిపోయి ఉంటే సూదులు పైకి లేచి కుట్లు జారిపోతాయి, డిజైన్ చెదురుతుంది, అది టెన్షన్ లోపమేమోనని డయల్ తిప్పుతూ కూర్చోవాల్సి వస్తుంది. తర్వాత సూదులన్నిటినీ ముందుకు లాగి, ప్రతి నాలుకా తేలిగ్గా ఆడుతోందా, కొక్కేలు వంగాయా అన్నది ఒక్కొక్కటిగా చూడాలి. పంచ్‌కార్డు పెట్టి కొన్ని వరుసలు రెండు రంగుల్లో అల్లించి చూడాలి. కొత్త స్పాంజి పట్టీ, ఒకటి రెండు సూదులు మార్చుకోవడం పెద్ద పని కాదు గానీ, క్యారేజీ అడుగున అరిగిన మిషన్‌ను ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.