డాబాగార్డెన్స్ ప్రింటింగ్ షాప్‌లో ఈమ్ ఊరి ఆల్బమ్ వేయించాను

విశాఖ డాబాగార్డెన్స్‌లో ఈ షాప్‌కి పెళ్ళి ఆల్బమ్‌ల కోసం వచ్చేవాళ్ళే ఎక్కువ, నేను మాత్రం ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి ఫొటోలు పట్టుకెళ్ళాను. మా అమ్మాయి షెఫీల్డ్‌లో ఉంటుంది, కిందటేడు వెళ్ళినప్పుడు బస్సెక్కి డెర్బీషైర్‌లో ఈమ్ అనే ఊరు చూసొచ్చాను. సోషల్ మాస్టారుగా రిటైరయ్యాను, పనిచేసిన హైస్కూల్ లైబ్రరీకి ఆ ఊరి ఆల్బమ్ ఒకటి ఇవ్వాలని కోరిక. 40 పేజీలు, హార్డ్ బైండింగ్, ఫొటో పక్కన తెలుగులో వివరం.

మొదటి ప్రూఫ్ చూసి ఉసూరుమనిపించింది. నేను ఫోన్‌లో టైప్ చేసిన మేటర్ వాళ్ళ సిస్టమ్‌లోకి వెళ్ళేసరికి వత్తులన్నీ ఊడిపోయాయి, బూడిద రంగు రాతి గోడలు నీలంగా వచ్చాయి, ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ఊరి పేరు కూడా ‘ఇయామ్’ చేసేసారు. కానీ డీటీపీ కుర్రాడు రెండు సాయంత్రాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం అక్షరం సరిచేసాడు, పైసా ఎక్కువ అడగలేదు.

ఆ కుర్రాడే ఒక ఫొటో దగ్గర ఆగి "ఏటి సార్, ఈ రాయికి కన్నాలు?" అన్నాడు. అది పొలిమేర రాయి. 1665లో లండన్ నుంచి దర్జీకి వచ్చిన బట్టల మూటతో ప్లేగు ఆ ఊళ్ళోకి వచ్చిందని చెబుతారు, ముందు పోయింది దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ వికార్స్. 1666 జూన్‌లో చర్చి ఫాదర్ విలియం మాంపెసన్, ఆయనకి ముందు అక్కడ చేసిన థామస్ స్టాన్లీ కలిసి ఊరినంతా ఒప్పించి, జబ్బు పక్క ఊళ్ళకి పాకకుండా ఎవరూ పొలిమేర దాటకూడదని కట్టుబాటు పెట్టారు. పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు నుంచి తెచ్చిన తిండి సామాన్లు రాయి దగ్గర పెట్టి వెళ్ళేవారు, ఈమ్ వాళ్ళు జబ్బు అంటకుండా ఆ ఆరు కన్నాల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవారు. 14 నెలల్లో దాదాపు 260 మంది పోయారు. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ 8 రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తన చేతుల్తోనే పాతిపెట్టుకుంది. ఇది చెప్తుంటే కుర్రాడు మౌస్ మీంచి చెయ్యి తీసేసాడు, 2020లో మా వీధికి అడ్డంగా వెదురు బొంగులు కట్టిన రోజులు నాకూ గుర్తొచ్చాయి. తర్వాత ఆ ఫొటోలో నీడ కొంచెం పెంచి ఆరు కన్నాలూ లెక్కపెట్టుకునేలా చేసాడు, నేను అడగనేలేదు.

మ్యాప్ పేజీ అయితే చాలా బాగా కుదిరింది. ఊరికి ఉత్తరాన గ్రిట్‌స్టోన్ (గరుకు ఇసుకరాయి) గట్టు, పేరు ఈమ్ ఎడ్జ్, దక్షిణం వైపు సున్నపురాయి నేల, మన బొర్రా గుహల్లో రాయి లాంటిదేనండి, నీళ్ళు పైన నిలవకుండా లోపలికి దిగిపోతాయి. గట్టు వైపు ఊటల నుంచి నీళ్ళు తెచ్చి 1588లోనే వీధుల్లో రాతి తొట్లు పెట్టారు, సీసం గనులూ ఉండేవి. రెండు రాళ్ళకీ రెండు షేడ్లు వేసారు కాబట్టి అలాగే సామాన్లు పెట్టి వెళ్ళిన మాంపెసన్ బావి గట్టు మీద ఉందనీ పొలిమేర రాయి దిగువన ఉందనీ పిల్లలు వేలు పెట్టి చూపించొచ్చు.

నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులు పట్టింది. గ్లాసీ లామినేషన్ తీసుకోకండి, ట్యూబ్‌లైట్ కింద ఫొటో కనపడట్లేదు, రెండో కాపీకి మ్యాట్ చెప్పాను. తెలుగు మేటర్ ఉంటే ప్రూఫ్ ఇంటికి తెచ్చుకుని, మొత్తం చదివాకే ఓకే చెప్పండి.