సొనోమాలో తోట ఉన్న పాత ఇల్లు: కౌలుకివ్వడమా, పిల్లలకు వదలడమా, అమ్మేయడమా?

కాలిఫోర్నియాలోని సొనోమా కౌంటీలో, డ్రై క్రీక్ లోయ అంచున మాకొక పాత ఇల్లు, దాని చుట్టూ ఐదెకరాల నేల, అందులో రెండెకరాల జిన్‌ఫండెల్ ద్రాక్షతోట ఉన్నాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా అక్కడే కాపురం. ఇప్పుడు ఇద్దరికీ అరవై దాటాయి. ఇంటి సంగతి ఏం చేద్దామన్న మాట మొదలై రెండేళ్లు కావస్తున్నది. అడిగిన ప్రతి ఒక్కరూ మనసుకు తోచినట్టు చేయమన్నారు. మనసుకు పూటకొక దారి తోస్తుండడం వల్ల, ఉన్న మూడు దారులనూ కాగితం మీద పెట్టి లెక్క చూసుకోవలసి వచ్చింది. ఇలాంటి ఆస్తి చేతిలో ఉన్నవారికి ఆ లెక్క పనికి రావచ్చు.

ముందుగా తేల్చుకోవలసింది తోట విలువ. చిన్న తోటలున్న వారిలో చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మా తీగలు నీరు పెట్టకుండా, వానల తేమ మీదనే పెరిగే పాత తీగలు. ఎకరానికి రెండు టన్నులు వస్తే మంచి ఏడాది కిందే లెక్క. ఒక టన్ను ద్రాక్ష నుంచి సుమారు 60 పెట్టెలు, అంటే 720 సీసాల వైన్ వస్తుందని విని కళ్లు పెద్దవి చేసే బంధువులకు నేను చెప్పేదేమిటంటే, సీసా ధర వైన్ తయారుచేసే వైనరీది, పండు ధర మాత్రమే మనది. టన్ను 3,000 డాలర్లు పలికిందనుకున్నా నాలుగు టన్నులకు 12,000 డాలర్లు. కత్తిరింపు, గంధకం చల్లడం, కలుపు కోయించడం, పండు కోసేవారి కూలి, వైనరీకి చేర్చే బండి కిరాయి, అన్నీ అందులోంచే పోవాలి. అదీ కొనేవారు ఉంటేనే. 2024లో రాష్ట్రం మొత్తం మీద వైనరీలకు చేరిన ద్రాక్ష సుమారు ఇరవై ఏళ్లలో కనిష్ఠానికి పడిపోయింది. వైన్ అమ్మకాలు మందగించి, కొనుగోలు ఒప్పందం లేని తోటల్లో పండు తీగల మీదే ఎండిపోవడం ఆ ఏడాది కళ్లారా చూశాము. కనుక రెండెకరాల తోటను ఆదాయమని కాక, ఇంటి అందాన్ని నిలబెట్టే ఖర్చు అని రాసుకోవాలి. ఇన్నాళ్లూ ఆ ఖర్చులో పెద్ద భాగం మా ఒంటి కష్టం రూపంలో పోయింది గనుక లెక్కలో కనబడలేదు.

మొదటి దారి ఇల్లు ఉంచుకుని తోటను కౌలుకివ్వడం. వినడానికి ఇంతకంటె హాయైన మాట లేదు. అయితే రెండెకరాల కోసం ట్రాక్టరును, మనుషులను తరలించుకు వచ్చే కౌలుదారు దొరకడం కష్టం. పక్క తోట వాడైతే తప్ప గిట్టదు. దొరికినా కౌలు డబ్బు పెద్దగా రాదు. సాగు చేసి పండు తనే తీసుకుని, మనకు తోట పచ్చగా ఉన్న తృప్తి మిగల్చడమే ఇలాంటి చోట్ల తరచుగా జరిగే ఏర్పాటు. పాత తీగలు పెకలించి కొత్తవి నాటుతానంటే అతడు దీర్ఘకాలపు కౌలు అడుగుతాడు, అడగడం న్యాయం కూడా. కొత్త తీగకు మూడో ఏడు దాకా చెప్పుకోదగ్గ కాపు ఉండదు, ఆ తరువాత పాతికేళ్లో ముప్ఫై ఏళ్లో కాస్తేనే అతని పెట్టుబడి తిరిగి వస్తుంది. అంత పొడవైన కౌలు తోట మీద ఉండగా రేపు ఇల్లు అమ్మవలసి వస్తే, కొనేవాడు ఆ కౌలుదారుతో సహా కొనాలి.

ఊళ్లోకి మారిపోయి ఇంటిని అద్దెకిస్తే సరిపోదా అంటే, అక్కడ గడియారం ఒకటి తిరుగుతూ ఉంటుంది. సొంత ఇల్లు అమ్మినప్పుడు వచ్చిన లాభంలో భార్యాభర్తలకు 5 లక్షల డాలర్ల వరకు, ఒంటరి వారికి 2.5 లక్షల వరకు కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. కాని అమ్మకానికి ముందటి ఐదేళ్లలో కనీసం రెండేళ్లు అందులో నివసించి ఉండాలి. ఇల్లు విడిచి మూడేళ్లు దాటితే ఆ మినహాయింపు చేజారుతుంది. విహారానికి వచ్చేవారికి రోజుల లెక్కన ఇద్దామనుకునే వారు ముందుగా తమ కౌంటీ నిబంధనలు చదువుకోవాలి. పక్కనున్న నాపా కౌంటీ పట్టణాల వెలుపలి ప్రాంతంలో 30 రోజుల లోపు అద్దెలను అసలు ఒప్పుకోదు.

రెండవ దారి ఏమీ చేయకుండా ఉండిపోయి, మా తరువాత పిల్లలకు వదలడం. పన్నుల కాగితం మీద దీనికి సాటి వచ్చేది లేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తికి, యజమాని పోయిన నాటి బజారు విలువే వారసుల కొనుగోలు ధరగా లెక్కిస్తారు గనుక, మా కాలంలో పెరిగిన లాభం మీద పన్ను దాదాపు మాయమవుతుంది. కాలిఫోర్నియాలో భార్యాభర్తల ఉమ్మడి ఆస్తికి ఇంకొక వెసులుబాటు ఉన్నది: ఇద్దరిలో ఒకరు పోయినప్పుడే మొత్తం ఆస్తి విలువ కొత్తగా లెక్కకు వస్తుంది. అయితే దస్తావేజులో యాజమాన్యం ఏ రూపంలో రాసి ఉన్నదన్న దాన్ని బట్టి ఇది మారుతుంది కనుక పాత దస్తావేజును ఒకసారి న్యాయవాదికి చూపించడం అవసరం. బతికి ఉండగానే ప్రేమ కొద్దీ పిల్లల పేర రాసేస్తే మాత్రం మా పాత కొనుగోలు ధరే వారికి అంటుకుంటుంది. ఆ పొరపాటు చేసి బాధపడినవారు మాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

ఆస్తి పన్ను దగ్గరే ఈ దారి మలుపు తిరుగుతుంది. 1978లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 13 అనే చట్టం వల్ల మా ఇంటి పన్ను విలువ, అంటే పన్ను కట్టడానికి లెక్కలోకి తీసుకునే విలువ, ఏడాదికి 2 శాతానికి మించి పెరగలేదు. పాత యజమానులు ఇక్కడ ఉండగలగడానికి అదే కారణం. ఒకప్పుడు తల్లిదండ్రుల ఇల్లు ఆ పాత విలువతోనే పిల్లలకు సంక్రమించేది. 2021 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చిన ప్రతిపాదన 19 ప్రకారం కొడుకో కూతురో ఏడాది లోపల ఆ ఇంట్లో కాపురం పెడితేనే ఆ వెసులుబాటు దక్కుతుంది, దానికీ పరిమితి ఉన్నది. సాగులో ఉన్న కుటుంబ భూమికి కాపురం నిబంధన లేదు గాని, సాగు ఆగకూడదు. మా పిల్లలిద్దరూ వేరే రాష్ట్రాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్లకు ఈ ఇల్లంటే ప్రాణం, ఇక్కడి వేసవి సెలవులంటే ప్రాణం. జనవరి చలిలో కత్తెర పట్టుకుని వెయ్యికి పైగా తీగల ముందు వంగి నిలబడడం అంటే మాత్రం ఎవరికీ ప్రాణం కాదు. అందులో వారి తప్పేమీ లేదు.

పన్నుల కాగితం మీద కనిపించని లెక్క బీమా. 2017 అక్టోబరు 8 రాత్రి కాలిస్టోగా దగ్గర పుట్టిన టబ్స్ అనే కార్చిచ్చు కొన్ని గంటల్లో కొండలు దాటి శాంటా రోసాలోకి చొరబడి, 22 మంది ప్రాణాలు తీసి, 5,600కు పైగా కట్టడాలను బూడిద చేసింది. 2019లో కిన్‌కేడ్ మంట వల్ల హీల్డ్స్‌బర్గ్ పట్టణమంతా ఖాళీ చేశారు. 2020 ఆగస్టులో పిడుగుల వల్ల లేచిన మంటలు పడమటి కొండల మీదికి వచ్చాయి. మంట తగలని తోటల్లో సైతం పొగ వాసన పట్టిన పండును వైనరీలు తిరస్కరించాయి. ఆ తరువాత ఎన్నో బీమా సంస్థలు ఈ ప్రాంతంలో పాలసీలు కొనసాగించడం మానేశాయి. మరే సంస్థా బీమా ఇవ్వనివారికి చివరి దిక్కుగా ఉన్న ఫెయిర్ ప్లాన్ అనే బీమా ప్రధానంగా అగ్నిప్రమాదాలకే రక్షణ ఇస్తుంది, మిగతా నష్టాలకు వేరే పాలసీ కొనుక్కోవాలి. పాత ఇళ్లకు దీని పైన మరొక చిక్కు. మా అటకలోకి పాకి వెళ్లిన తనిఖీదారు, దూలాల మీద పింగాణీ బుడిపెల మధ్య లాగి ఉన్న వందేళ్ల నాటి వైరును టార్చిలైటుతో చూపించి, ఇది మార్చనిదే ఏ కంపెనీ ముఖం చూడదని చెప్పి దిగాడు. ఇంకో ఇరవై ఏళ్లు ఉంచుకుని పిల్లలకు వదలాలంటే ఇరవై ఏళ్ల బీమా కట్టాలి, అదీ దొరుకుతూ ఉంటే.

ఇక మూడవది, మొత్తంగా అమ్మేయడం. 4 లక్షల డాలర్లకు కొన్నది 20 లక్షలకు పోయిందనుకుందాం. లాభం 16 లక్షలు. ఇంటి వాటా లాభంలోంచి 5 లక్షలు మినహాయించగా మిగిలిన దాని మీద కేంద్ర పన్ను, దాని పైన కాలిఫోర్నియా పన్ను. దీర్ఘకాలపు లాభానికి రాష్ట్రం తక్కువ రేటేమీ ఇవ్వదు, మామూలు ఆదాయంలాగే చూస్తుంది. బరువు చిన్నది కాదు. అయితే వ్యాపారంగా సాగు చేసిన తోట వాటాను ఇంటి నుంచి విడదీసి, ఆ సొమ్ముతో మరొక పెట్టుబడి ఆస్తి కొని పన్నును వాయిదా వేసుకోవచ్చు. దానికి అమ్మిన 45 రోజుల్లో కొత్త ఆస్తిని గుర్తించి, 180 రోజుల్లో కొనుగోలు ముగించాలి. ఇంకొక మేలు, పిల్లలకు తలుపు మూసిన ప్రతిపాదన 19లోనే ఉన్నది: 55 ఏళ్లు నిండినవారు సొంత ఇల్లు అమ్మి రెండేళ్ల లోపు రాష్ట్రంలో ఎక్కడ ఇల్లు కొన్నా, పాత పన్ను విలువను దానికి వెంట తీసుకుపోవచ్చు. ఊళ్లో చిన్న ఇంటికి మారాలనుకునే మాలాంటి వారికి ఇది చిన్న విషయం కాదు.

ఈ మూడింటిలో మేము అమ్మకమే మేలని తేల్చుకున్నాము. పిల్లలలో ఒక్కరైనా ఇక్కడికి వచ్చి ఉంటామని అంటే రెండవ దారే పట్టేవాళ్లం. కౌలు దారి మాత్రం, పక్క తోట యజమాని తనంతట తాను వచ్చి అడిగితే తప్ప, నిర్ణయాన్ని వాయిదా వేయడానికి మర్యాదైన పేరు అని నా అభిప్రాయం.

అమ్మాలనుకున్నాక తీగలను ఉంచి అమ్మాలా, పెకలించి ఖాళీ నేలగా అమ్మాలా అన్న ప్రశ్న వచ్చింది. పోయిన వేసవిలో మాటవరసగా చూడడానికి వచ్చిన ఒక జంటలో ఆయన, తోట మధ్యన అడుగులు కొలుచుకుంటూ ఈతకొలను ఎక్కడ వస్తుందో లెక్కవేశాడు. వారం తరువాత వచ్చినామె మోకాళ్ల మీద కూర్చుని, తొడంత లావున మెలితిరిగిన మొదలును చేత్తో తడిమి, ఆకు వెనక్కి తిప్పి పిండినల్లి ఉందా అని చూసి, ఏ వేరు మీద అంటు కట్టారని అడిగింది. వైరస్ పరీక్ష నివేదిక ఉన్నదా అని కూడా అడిగింది; మా దగ్గర లేదు. తరువాత చేయించాము. ఆమెలాంటి వారు కొద్దిమందే ఉంటారు, కాని పాత తీగలకు ధర కట్టేది వారే. యాభై ఏళ్లు దాటిన తోటలను నమోదు చేసే హిస్టారిక్ వైన్‌యార్డ్ సొసైటీ ఇక్కడే ఉన్నది. ఆ అర్హత ఉన్న తోటను అమ్మకానికి ముందు పెకలించడం తెలివైన పని కాదు. ఒక్క ఏడాది కత్తిరింపు మానేసిన తోట మాత్రం ఖాళీ నేల కంటె అధ్వాన్నంగా కనిపిస్తుంది, కొనేవాడికి బేరమాడడానికి అదే చాలు.

బేరం కుదిరితే ఒప్పందంలో మరువకూడనిది ఆ ఏటి పంట. జూన్‌లో ఒప్పుకుని సెప్టెంబరులో చేతులు మారితే తీగ మీదున్న పండు ఎవరిది, అప్పటిదాకా గంధకం ఎవరి ఖర్చుతో చల్లాలి అన్నది రాసుకోకపోతే తగవు తప్పదు. నేలకు 1965 నాటి విలియంసన్ చట్టం కింద సాగు ఒప్పందం, అంటే ఆస్తి పన్ను తగ్గింపుకు బదులుగా నేలను సాగులోనే ఉంచుతామని కౌంటీతో చేసుకున్న ఒప్పందం, ఉన్నదేమో కూడా చూసుకోవాలి. అది యజమానితో పోదు, భూమితో ఉంటుంది. బావి నీటి పరీక్ష, సెప్టిక్ ట్యాంకు తనిఖీ ముందే చేయించి పెట్టుకుంటే సగం ప్రశ్నలు పుట్టవు.

ఈ జనవరిలో కత్తిరింపు మేమిద్దరమే చేశాము, ఎప్పటికంటె పది రోజులు ఎక్కువ పట్టింది. మార్చిలో కోసిన కొనల నుంచి బొట్టు బొట్టుగా నీరు కారుతుండగా ఏజెంటు ఫోను చేసి, ఫొటోలు తీయించడానికి ఈ వారం మనిషిని పంపమంటారా అని అడిగింది. ఏప్రిల్ చివరికి ఆకు పరుచుకుంటుంది, అప్పుడు పంపమన్నాము.