బెర్రీ పంటల వారపు రిపోర్టు సర్వీస్ రివ్యూ: వాన సంగతి చెప్తారు, పూత సంగతి చెప్పరు

బెర్రీలు హోల్‌సేల్‌లో కొనేవాళ్ళకి వారం వారం మెయిల్‌లో పంపే పంట రిపోర్టు సర్వీస్ ఒకటి ఈ స్ప్రింగ్ సీజన్‌కి డబ్బులు కట్టి తీసుకున్నా. పేరు అనవసరం, ఈ టైపువి అన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. స్ట్రాబెర్రీ, బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ నాలుగూ ఏ ఏరియాలో ఎలా ఉన్నాయి, వచ్చే రెండు మూడు వారాల్లో సరుకు ఎంత దిగొచ్చు, క్వాలిటీ ఏంటి అని రాస్తారు. నా రేటింగ్ 5కి 3, అందులో రెండు మార్కులు ఒక్క కాలిఫోర్నియా పేజీకే.

ఆ పేజీ నిజంగా బాగుంది. అమెరికా స్ట్రాబెర్రీల్లో దాదాపు 90 శాతం కాలిఫోర్నియాలోనే పండుతాయి కానీ "కాలిఫోర్నియా" అని ఒకే ముద్దగా రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఎందుకంటే కోత దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ పోతుంది. ముందు ఆక్స్‌నార్డ్, తర్వాత శాంటా మరియా, ఏప్రిల్ నుంచి వాట్సన్‌విల్-సాలినాస్ అందుకుని అక్టోబర్ దాకా లాగుతుంది. ఇంకోవైపు చలికాలమంతా సరుకు ఇచ్చిన ఫ్లోరిడాలోని ప్లాంట్ సిటీ అనే ఊరి ఏరియా మార్చి చివరికొచ్చేసరికి సర్దేసుకుంటుంది. వీళ్ళ రిపోర్టు కాలిఫోర్నియాలోని ఆ మూడు జిల్లాలకీ విడివిడిగా రాస్తుంది, ఒకచోట తగ్గి ఇంకోచోట ఇంకా పుంజుకోని వారాలు ఎప్పుడు పడతాయో ముందే చెప్తుంది. కొనేవాడికి దెబ్బ తగిలేది సరిగ్గా ఆ మధ్య వారాల్లోనే, కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఇక అసలు కంప్లైంట్. క్వాలిటీ కాలమ్‌లో ప్రతి వారం "ఫెయిర్ టు గుడ్" (పర్వాలేదు నుంచి బాగుంది దాకా) అనే ముక్కే. ఏం చేసుకోవాలి దాంతో? స్ట్రాబెర్రీ పువ్వు విచ్చుకున్నాక పండు చేతికి రావడానికి సుమారు నాలుగు వారాలు, చలిగా ఉంటే ఇంకొంచెం ఎక్కువే. అంటే ఇవాళ ముసురు పట్టిందంటే అది రెండు సార్లు కొడుతుంది, ఇప్పుడు చెట్టు మీదున్న పండు మెత్తబడి బూజు పట్టి రైతు దాన్ని కోసి పారేయాల్సొస్తుంది, అది మొదటి దెబ్బ, అదే వానకి తేనెటీగలు బయటికి రాక పువ్వు సరిగ్గా ఫలదీకరణ కాక నెల తర్వాత వంకర టింకర కాయలు వస్తాయి, ఇది రెండో దెబ్బ. రిపోర్టులో మొదటిది ఎప్పుడూ ఉంటుంది. రెండోది ఎక్కడా ఉండదు. నెల తర్వాత మాత్రం "కాయల ఆకారం కొంత తేడాగా ఉంది" అని ఏదో కొత్తగా కనిపెట్టినట్టు రాస్తారు, అది నాలుగు వారాల ముందే చెప్పాల్సిన మాట కదా!

చలి విషయంలోనూ ఇదే తంతు. "రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందకి పడింది" అని రాసి ఆపేస్తారు. సున్నా కిందకి పడితే పంట పోయినట్టేనా? కాదు. స్ట్రాబెర్రీలో గట్టి మొగ్గ మైనస్ 5 దాకా కూడా తట్టుకోగలదు, విచ్చుకున్న పువ్వుకి మైనస్ 1 చాలు, మధ్యలో నల్లబడి పోతుంది. బ్లూబెర్రీలో పూర్తిగా విచ్చుకున్న పువ్వుకి సుమారు మైనస్ 2 దగ్గర ప్రమాదం. కాబట్టి ఆ రాత్రి తోట ఏ దశలో ఉందో చెప్పకుండా ఎన్ని డిగ్రీలో చెప్తే సగం సమాచారమే. రైతులు స్ప్రింక్లర్లు వేసి పువ్వు మీద మంచు కట్టించి కాపాడుకున్నారా లేదా అన్నది కూడా రాయరు (నీళ్ళు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడే పువ్వుని కాపాడుతుంది, కాకపోతే తెల్లారి ఆ మంచు కరిగేదాకా నీళ్ళు ఆపకూడదు, మధ్యలో ఆపితే అసలు వేయకపోవడం కన్నా ఘోరం).

జార్జియా (అమెరికా రాష్ట్రం) పేజీ చూస్తే ఇంకా నీరసం. 2017లో అక్కడ చలికాలం వెచ్చగా గడిచి బ్లూబెర్రీ ముందే పూతకొచ్చింది, మార్చి మధ్యలో గడ్డకట్టే చలి వచ్చి పంట భారీగా పోయింది. అలాంటి చరిత్ర ఉన్న చోట ఫిబ్రవరి, మార్చి రిపోర్టులో మొదటి లైనే "పూత ఎంత శాతం విచ్చుకుంది" అని ఉండాలి. పైగా అక్కడ రెండు రకాలు, ఏప్రిల్ నుంచే కోతకొచ్చే సదరన్ హైబుష్, మే చివర్లో జూన్‌లో వచ్చే రాబిట్ఐ. వీళ్ళు రెండింటినీ కలిపేసి ఒకే అంచనా ఇస్తారు. బ్లూబెర్రీకి పూత నుంచి కోతకి రెండు మూడు నెలల టైమ్ ఉంటుంది, అంటే నాలుగింటిలో ఎక్కువ ముందుగా అంచనా వేయగలిగేది ఇదే, అక్కడే చేతులెత్తేస్తే ఎలా.

మెక్సికోకి రెండే లైన్లు. స్ప్రింగ్‌లో రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ చాలావరకు మిచోకాన్, హలిస్కో వైపు నుంచే వస్తాయి, ఎక్కువగా ప్లాస్టిక్ టన్నెల్స్ కింద పెంచుతారు కాబట్టి అక్కడ వాన కన్నా ఎండ, కూలీలు, రోడ్డు మీద ప్రయాణం ఇవి ముఖ్యం. రాస్ప్‌బెర్రీ కోసిన వెంటనే చల్లబరిచినా కొన్ని రోజులే నిలుస్తుంది, బ్లూబెర్రీలా రెండు వారాలు ఆగదు. అందుకే దీనికి రిపోర్టు మరీ తాజాగా ఉండాలి. ఇక స్పెయిన్‌లో హువెల్వా గురించి పర్వాలేదనిపించేలా రాశారు, పక్కనే ఉన్న దొన్యానా నేషనల్ పార్క్ దగ్గర బెర్రీ తోటలు భూగర్భజలాలు తోడేస్తున్నాయన్న గొడవ కూడా ప్రస్తావించారు, మొరాకో బాగానే కవర్ చేశారు. కానీ ఏప్రిల్ రిపోర్టులో పెరూకి పేజీన్నర ఎందుకో నాకు అర్థం కాలేదు, వాళ్ళ బ్లూబెర్రీ జోరు సెప్టెంబర్ నుంచి నవంబర్. 2023లో ఎల్ నీన్యో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) వేడికి అక్కడ దిగుబడి పడిపోయిందని రాసిన భాగం చదవడానికి బాగుంది, అంతే.

ఒరెగాన్, వాషింగ్టన్ గురించి "నార్మల్" అని రాసినందుకు నేనేం తప్పు పట్టను. ఏప్రిల్‌లో అక్కడ పూత దశే, కోత జూన్, జూలైలో. 2021 జూన్ చివర్లో విపరీతమైన ఎండకి అక్కడ కాయలు చెట్టు మీదే ఉడికిపోయాయి, అది ఏప్రిల్‌లో ఎవరు మాత్రం చెప్పగలరు.

పాత రిపోర్టుల ఆర్కైవ్ ఇస్తారు, అదొక ప్లస్. 2023 మార్చిలో కాలిఫోర్నియాలో వాట్సన్‌విల్ పక్కన పహారో నది కట్ట తెగి స్ట్రాబెర్రీ పొలాల్లోకి నీళ్ళొచ్చిన వారం రిపోర్టు తీసి చదివా. చాలా జాగ్రత్తగా రాశారు, ఏ పొలాలు మునిగాయి, వరద నీళ్ళు తగిలిన పండు ఎందుకు అమ్మకూడదు, వాట్సన్‌విల్ కోత ఎంత వెనక్కి పోవచ్చు అన్నీ ఉన్నాయి. అంటే వీళ్ళకి రాయడం రాక కాదు, పెద్ద గొడవ జరిగితేనే ఒళ్ళొంచుతారు, మామూలు వారాల్లో కాపీ పేస్ట్.

ఫ్రీగా ఏం దొరుకుతుందంటే, అమెరికా వ్యవసాయ శాఖ మార్కెట్ న్యూస్‌లో షిప్పింగ్ పాయింట్ ధరలు (సరుకు పండిన ఏరియా నుంచి బయల్దేరే చోటి ధరలు) వస్తాయి, కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ కమిషన్ ఎన్ని ట్రేలు కోశారో జిల్లాలవారీగా పెడుతుంది. రెండూ నమ్మదగ్గవి. కాకపోతే అవి అయిపోయిన లెక్క చెప్తాయి, జరగబోయేది కాదు. ఆ జరగబోయేదాని కోసమే కదా ఈ సర్వీస్‌కి డబ్బులు కట్టేది.

కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ మాత్రమే కొనేవాళ్ళు కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. బ్లూబెర్రీ ఎక్కువ కొనేవాళ్ళు ఆగండి, ఆ డబ్బుతో రోజూ ఒకసారి జార్జియా రైతుకి ఫోన్ చేసుకోవడం బెటర్. నేనైతే ఫీడ్‌బ్యాక్ ఫామ్‌లో ఏరియాకొకటి చొప్పున పూత తేదీల కాలమ్ పెట్టమని రాశా, "పరిశీలిస్తాం" అని వచ్చింది. పెడితే వచ్చే ఏడాది ఫిబ్రవరికి రిన్యూ చేస్తా, లేకపోతే లేదు.