గీత ఒక్కటే చాలా, షేడింగ్ కూడా కావాలా?

నల్లగొండలో బొమ్మలు నేర్చుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. షేడింగ్, అంటే నీడలు దిద్దడం, లేకపోతే బొమ్మ సగంలో ఆగిపోయినట్టే ఉంటుందని చాలామంది అభిప్రాయం.

షేడింగ్ బలం తక్కువది కాదు. ఫ్రెంచ్ చిత్రకారుడు జార్జ్ సోరా కాంటే క్రేయాన్‌తో (గట్టి రంగు కడ్డీతో) వేసిన బొమ్మల్లో గీత దాదాపు కనిపించదు. గరుకు కాగితం మీద నలుపు చిక్కబడుతూ, పలచబడుతూ మనిషి ఆకారం తేలుతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టు ముందు కూర్చుంటే నేనూ షేడింగే ఎంచుకుంటాను. అన్ని ఊడల్లో ఏది ముందుందో, ఏది వెనకుందో నీడే చెప్పాలి.

మనిషి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా మొగ్గు గీత వైపే. చెయ్యి ఎంత వేగంగా కదిలిందో, ఎక్కడ తడబడిందో, ఎక్కడ గట్టిగా నొక్కిందో గీత దాచుకోదు. షేడింగ్‌లో ఒక పొర తప్పితే దాని మీద మరో పొర వేయవచ్చు. ఇంకు గీతకు ఆ వీలు లేదు. 1930 దండి యాత్ర వేళ చిత్రకారుడు నందలాల్ బోస్ చేసిన గాంధీ లినోకట్ (లినోలియం పలక చెక్కి తీసిన అచ్చు బొమ్మ) చూడండి. నల్లని నేపథ్యం మీద తెల్లని గీతలు, అంతే. చేతికర్ర, కాస్త వంగిన ఒళ్లు, ముందుకు పడుతున్న అడుగు. ఆ మనిషి ఇక ఆగడని చెప్పడానికి నీడ అవసరమే పడలేదు!

అలాగని గీత తేలిక కాదు. పికాసో 1945 డిసెంబరు, 1946 జనవరి నెలల్లో ఒకే లితో రాయి (బొమ్మ గీసి అచ్చులు తీసే రాయి) మీద ఎద్దు బొమ్మను 11 దశల్లో మార్చాడు. మొదట్లో కండలు, నీడలు, బరువు అన్నీ ఉన్నాయి. ఒక్కొక్కటే తీసేస్తూ పోగా చివరికి కొద్దిపాటి గీతలు మిగిలాయి. ఎద్దు ఒంటిని అంతగా చదివినవాడు కాబట్టే ఏది తీసేయవచ్చో తెలుసుకోగలిగాడు.

మన తెలంగాణ చిత్రకారుడు లక్ష్మాగౌడ్ పెన్ను బొమ్మల్లో సన్నని గీతలే పక్కపక్కన చేరి నీడగా మారతాయి. పల్లె మనుషుల ఒంటి బిగువంతా ఆ గీతల్లోనే ఉంటుంది. ఆయనను నేను గీత పక్షానే లెక్కవేస్తాను.



కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నల్లగొండ దగ్గరి పానగల్లు పచ్చల సోమేశ్వరాలయానికి వెళ్లి స్తంభాల మీది శిల్పాలను రబ్బరు లేకుండా పెన్నుతో వేయండి. జెల్ పెన్ను వద్దు, దాని గీత ఎంత నొక్కినా ఒకే మందంలో వస్తుంది. పాళీ ఉన్న ఇంకు పెన్ను తీసుకోండి.