మూడంతస్తుల కంజు పిట్టల బోను: మన ఎండల్లో ఎంతవరకు పనికొస్తుంది?

కంజు పిట్టల (జపనీస్ క్వెయిల్) పెంపకంలోకి కొత్తగా దిగేవాళ్లకు ముందుగా చూపించేది ఈ బోనునే. నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, పదంగుళాల ఎత్తున్న అంతస్తులు మూడు. ఒక్కోదాని కింద రేకు ట్రే, ముందు మేత తొట్టి, వెనక నిపుల్ పైపు (పిట్ట ముక్కుతో పొడిస్తే నీళ్లు వదిలే చిన్న మూతులున్న పైపు). అనంతపురం, కర్నూలు, కడపల్లో వెల్డ్‌మెష్ (అతుకులు వెల్డ్ చేసిన తీగ వల) పనిచేసేవాళ్లు ఇంచుమించు ఈ కొలతల్లోనే కట్టిస్తారు. పెద్ద పిట్టలకు ఇది మంచి బోను. పిల్లలకు పనికిరాదు. అమ్మేవాళ్లు చెప్పే లెక్క ప్రకారం నింపితే మాత్రం ఎండాకాలం గట్టెక్కదు.

అంతస్తుకు 40 పిట్టలు పడతాయంటారు. నాలుగు రెళ్లు ఎనిమిది చదరపు అడుగులంటే సుమారు 7,400 చదరపు సెంటీమీటర్లు. 40తో భాగిస్తే పిట్టకు 185 వస్తుంది. పెద్ద పిట్టకు 150 నుంచి 200 చాలునన్నది మామూలుగా చెప్పే లెక్కే, కాబట్టి వాళ్ల మాట అబద్ధం కాదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో, రేకుల షెడ్డు కింద, 24కు మించి పెట్టకండి. చలికాలంలో 30 దాకా పెట్టుకోవచ్చు. అందులోనూ మూడు పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు వారాలకు పుంజుల రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతుంది, పెట్టల రొమ్ము మీద నల్ల చుక్కలుంటాయి. అప్పుడే ఎక్కువైన పుంజుల్ని వేరు చేయాలి. లేకపోతే పెట్టల తలలు పొడిచి పుండ్లు చేస్తాయి.

పదంగుళాల ఎత్తు సరైనదే. బెదిరిన కంజు నిట్టనిలువునా లేస్తుంది. కప్పు రెండు మూడడుగుల ఎత్తులో ఉంటే వేగం అందుకుని మరీ తల కొట్టుకుంటుంది, పది పన్నెండు అంగుళాల్లో ఉంటే అంత ఊపు రాదు. అయినా పై మెష్‌కు లోపలి వైపు పాత గోనెపట్టా గానీ మెత్తటి షేడ్‌నెట్ గానీ బిగించి కట్టండి. ఎత్తు సరిపోదని పైకి పెంచి కట్టమని మాత్రం అడగొద్దు.

ఈ బోనులో అసలు చూడాల్సింది అడుగు మెష్. అర అంగుళం కన్ను ఉండాలి, తీగ 14 గేజ్ అయితే మేలు (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు). చాలాచోట్ల 16 గేజ్ వేసి, నాలుగడుగుల పొడవుకూ మధ్యలో ఒక్క దన్ను కమ్మీ కూడా పెట్టరు. కొన్నాళ్లకే మధ్యలో కుంగిపోయి, గుడ్లు ముందుకు దొర్లకుండా ఆ గుంటలోనే చేరతాయి. పిట్టలు వాటిని తొక్కుతాయి, పగిలినవి రుచి చూస్తాయి, ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే మాన్పడం చాలా కష్టం. వెనక నుంచి ముందుకు మూడంగుళాల వాలు ఉందో లేదో టేపు పెట్టి చూసుకోండి. వాలు తక్కువైతే గుడ్డు సరిగ్గా దొర్లదు. గుడ్డు బయటికొచ్చే సందు కూడా కొలవాలి. కంజు గుడ్డు వెడల్పు అంగుళానికి కాస్త ఎక్కువే ఉంటుంది. అంగుళం సందు వదిలిన బోన్లలో గుడ్లు అక్కడే ఇరుక్కుంటాయి. ఒకటింబావు అంగుళం వదిలించుకోండి.

జింకు పూత వెల్డింగ్ అయ్యాక పట్టించిన మెషేనా అని అడగండి. పూత తీగను తెచ్చి తర్వాత వెల్డ్ చేస్తే, అతుకుల దగ్గర పూత కాలిపోయి రెట్టల తడికి తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు మొనలకు అరికాళ్లు చీరుకుని వాస్తాయి.

నీళ్ల పైపు విషయంలో బోను కన్నా మన నీళ్లదే ఎక్కువ సమస్య. బోరునీళ్లలోని సున్నం నిపుల్ నోట్లో పేరుకుంటుంది. రోజూ పొద్దున ప్రతి నిపుల్‌నూ వేలితో నొక్కి చూడాలి. వారానికోసారి వెనిగర్ కలిపిన నీళ్లు పైపులో నింపి, కాసేపు ఆగి, మంచినీళ్లతో కడిగేయాలి. పైపుకు నీళ్లిచ్చే డబ్బా నల్లదైతే నీడలో పెట్టండి. నీళ్లు వేడెక్కితే పిట్టలు తాగడం తగ్గిస్తాయి, తాగకపోతే మేత ముట్టవు, గుడ్డు ఆగిపోతుంది.

ట్రేల మీద వేరుశనగ పొట్టు పలచగా చల్లి, రోజు విడిచి రోజు గీకేయండి. వానాకాలంలో రోజూ తీయాలి. ఘాటు మన కళ్లకు తగిలేసరికే పిట్టల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటుంటాయి. మేతలోకి వేరుశనగ చెక్క కలిపేవాళ్లు బూజు వాసన ఏమాత్రం ఉన్నా దాన్ని పారేయాలి. అందులో ఉండే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడకబెట్టినా పోదు.

బోను ఒంటరిగా ఆరుబయట పెట్టేది కాదు. మేత తొట్టి వైపు పిట్ట తల బయటికి పెట్టేంత సందు ఉంటుంది. పిల్లి పంజా వేయడానికి, పాము దూరడానికి అది చాలు. చుట్టూ అర అంగుళం మెష్ కొట్టిన షెడ్డులో పెట్టి, గోడకు కట్టేయండి. ఆషాఢం గాలులకు, పైగా రామగిరి లాంటి గాలి ప్రాంతాల్లో, ఇది తేలిగ్గా పడిపోతుంది. కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెడితే చీమలు ఎక్కవు. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. రేకు మీద సున్నం పూసి, పైన జొన్నచొప్ప పరిచి, పడమటి వైపు తడి గోనెలు వేలాడదీయండి. మన ఎండాకాలపు గాలి పొడిగా ఉంటుంది కనుక తడి గోనె బాగా చల్లబరుస్తుంది. వానలు మొదలయ్యాక అదే గోనె చెమ్మ పెంచుతుంది, తీసేయాలి.

ఒక రోజు పిల్లల్ని ఇందులో వదిలితే అర అంగుళం కన్నుల్లో కాళ్లు ఇరుక్కుంటాయి. పుట్టినప్పుడు పిల్ల బరువు ఏడెనిమిది గ్రాములే. రెండు, మూడు వారాలు వేరే బ్రూడర్ (పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టె) కావాలి. అడుగున గరుకు గోనెగుడ్డ వేయాలి, నున్నటి కాగితం మీద కాళ్లు జారి రెండు పక్కలకూ విడిపోతాయి. నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయకపోతే మునిగి చస్తాయి. మొదటి వారం 35 నుంచి 37 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి. మే నెలలో పగలు బల్బు అక్కర్లేదు, తెల్లవారుజామునే కావాలి. పిల్లలు బల్బు కింద కుప్పపడితే చలి, అంచులకు పారిపోతే వేడి.

గిన్నెకోళ్లకూ ఇదే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి, వాటికి ఎగిరి కూర్చునే కర్రలు, తిరిగే చోటు కావాలి. బోనుతో పాటు పొలాల్లో వల వేసి పట్టిన కౌజులు, పూరేళ్లు ఇస్తామన్నా తీసుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. హ్యాచరీలో పొదిగించిన జపనీస్ రకమే కొనండి.

నాలుగంతస్తులది కూడా అమ్ముతున్నారు. రేకుకు దగ్గరగా ఉండే ఆ పై అంతస్తులోనే వేసవిలో పిట్టలు ముందు రొప్పుతాయి. ఆ డబ్బుతో 14 గేజ్ అడుగు, రెండు దన్ను కమ్మీలు వేయించుకోండి.