హైదరాబాద్‌లో ఉంటూ దుబాయ్‌లో ఫ్లాట్: కొన్నేళ్ల యాజమాన్యం తర్వాత లెక్కలతో సమీక్ష

దుబాయ్‌లో ఇంటి మీద ఏటా ఆస్తి పన్ను లేదు, వ్యక్తులకు అద్దె మీద ఆదాయ పన్ను లేదు, అమ్మితే లాభం మీద పన్ను లేదు. హైదరాబాద్ హోటళ్లలో పెట్టే ప్రాపర్టీ షోలలో చెప్పే ఈ మూడు మాటలూ నిజమే. కాకపోతే అవి దుబాయ్ ప్రభుత్వం పన్నుల గురించి మాత్రమే నిజం. కొన్నవారు ఇక్కడే నివాసం ఉంటే ఆ అద్దె మీదా, ఆ లాభం మీదా ఇండియా పన్ను వేస్తుంది. ఈ సంగతి ముందే లెక్కలో వేసుకున్నవారికి దుబాయ్ ఫ్లాట్ మంచి ఆస్తి. వేసుకోనివారికి రెండో ఏడాదికల్లా తలనొప్పి మొదలవుతుంది.

ముందు కొనుగోలు ఖర్చు. 12 లక్షల దిర్హమ్‌ల రెడీ ఫ్లాట్‌నే ఉదాహరణగా తీసుకుందాం. దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్ బదిలీ ఫీజు 4 శాతం, అంటే 48,000. కొనేవారూ అమ్మేవారూ చెరి సగం భరించాలన్నది రాతలో ఉన్న మాట, ఆచరణలో మొత్తం కొనేవారి నెత్తినే పడుతుంది. టైటిల్ డీడ్‌కు (యాజమాన్య పత్రానికి) 580. బదిలీని నమోదు చేసే రిజిస్ట్రేషన్ ట్రస్టీ ఆఫీసు ఫీజు వ్యాట్‌తో కలిపి 4,200 (ధర 5 లక్షల లోపు అయితే 2,100). ఏజెంట్ కమిషన్ 2 శాతం, దాని మీద 5 శాతం వ్యాట్, వెరసి 25,200. అన్నీ కలిపితే 77,980 దిర్హమ్‌లు, అంటే ధర మీద ఆరున్నర శాతం. బిల్డర్ ఇచ్చే ఎన్‌ఓసీకి (నిరభ్యంతర పత్రానికి) 500 నుంచి 5,000 దాకా ఉంటుంది. సాధారణంగా అది అమ్మేవారే కట్టాలి, కానీ ఒప్పందంలో రాయించుకోకపోతే చివరి రోజు వాదన తప్పదు.

పని నడిచే క్రమం ఇది. ముందు ఫారం ఎఫ్ అనే ఒప్పందం మీద సంతకాలు, 10 శాతానికి సెక్యూరిటీ చెక్కు. తర్వాత బిల్డర్ దగ్గర ఎన్‌ఓసీ. అమ్మేవారికి సర్వీస్ ఛార్జీ (భవన నిర్వహణ రుసుము) బకాయి ఉంటే ఎన్‌ఓసీ రాదు, ఆలస్యాలు ఎక్కువగా ఇక్కడే. చివరికి ట్రస్టీ ఆఫీసులో మేనేజర్ చెక్కులు ఇస్తే టైటిల్ డీడ్ అక్కడికక్కడే ఈమెయిల్‌కు వస్తుంది. మనిషి వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఇక్కడ నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, విదేశాంగ శాఖ, యూఏఈ దౌత్య కార్యాలయం, ఆ తర్వాత అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, అరబిక్ లీగల్ అనువాదం: ఇన్ని మెట్లుంటాయి. ఎన్‌ఓసీ గడువు ఈలోగా అయిపోకుండా పవర్ ఆఫ్ అటార్నీని ముందే సిద్ధం చేసుకోవాలి.

డబ్బు పంపే దగ్గర అసలు చిక్కులు మొదలవుతాయి. ఇండియా నివాసులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి ఆర్‌బీఐ పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకే పంపగలరు. దిర్హమ్‌కు డాలర్‌తో స్థిర మారకం ఉంది, ఒక డాలర్‌కు 3.6725. కాబట్టి తలా 9,18,125 దిర్హమ్‌లు. మన 12 లక్షల ఫ్లాట్ ఒక్కరి కోటాలో ఇమడదు. భార్యాభర్తలు కలిసి కొనాలి, లేదా మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంత పంపాలి. ఇద్దరూ పంపితే ఇద్దరి పేర్లూ టైటిల్‌లో ఉండాలి. ఎవరి డబ్బుకు వారు యజమాని కాకపోతే బ్యాంకు ప్రశ్నలు వేస్తుంది. డబ్బు పంపేందుకు బ్యాంకుకు ఇచ్చే ఏ2 ఫారంలో పర్పస్ కోడ్ (ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్) ఎస్0005, విదేశీ స్థిరాస్తి పెట్టుబడికి వాడేది. తొందరలో బంధువుల పోషణ అనో బహుమతి అనో వేరే కోడ్‌తో పంపి, ఆ డబ్బుతో ఇల్లు కొనడం విదేశీ మారక చట్టమైన ఫెమా ఉల్లంఘన.

ఇంకా రెండు ఇబ్బందులున్నాయి. ఎల్‌ఆర్‌ఎస్‌లో స్థిరాస్తి కోసం పంపే సొమ్ముకు ఇక్కడి బ్యాంకు అప్పు ఇవ్వకూడదు, డబ్బు సొంతదే కావాలి. అక్కడి బ్యాంకులో గృహరుణం కూడా, ఇండియా నివాసికి ఆర్‌బీఐ అనుమతి లేకుండా తీసుకునే వీల్లేదు. దుబాయ్ సేల్స్ ఏజెంటు నాన్ రెసిడెంట్ మార్ట్‌గేజ్ ఉందని ఉత్సాహంగా చెబుతారు. ఆ బ్యాంకుకు అభ్యంతరం ఉండకపోవచ్చు, మన చట్టానికి ఉంది. బుకింగ్ మొత్తాన్ని క్రెడిట్ కార్డుతో గీకడం కూడా ఇదే కోవలోకి వస్తుంది, చేయకండి.

ఇక టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. ఏడాదిలో మొదటి 10 లక్షల రూపాయలు దాటిన దాని మీద 20 శాతం. కోటి రూపాయలు పంపితే 90 లక్షల మీద 18 లక్షలు బ్యాంకు అదనంగా పట్టుకుంటుంది. ఇది ఖర్చు కాదు, రిటర్నులో సర్దుబాటు అవుతుంది, మిగిలితే రీఫండ్ వస్తుంది. కానీ ఆ డబ్బు నెలల తరబడి చేతిలో ఉండదు. ఫ్లాట్ ధరకు సరిపడా మాత్రమే సమకూర్చుకున్నవారు ఇక్కడే ఇరుక్కుంటారు. ఉద్యోగులైతే ఈ టీసీఎస్ వివరాలు కంపెనీకి ఇచ్చి జీతంలో కోసే టీడీఎస్ తగ్గించమని అడగవచ్చు. మార్చిలో పంపేవారికన్నా ఏప్రిల్‌లో పంపేవారికి ఈ వెసులుబాటు బాగా పనికొస్తుంది, ఏడాదంతా జీతంలో సర్దుకుంటుంది కనుక.

ఏటా ఎంత మిగులుతుందో అదే ఫ్లాట్ మీద చూద్దాం. 900 చదరపు అడుగులు, ఏడాదికి 80,000 దిర్హమ్‌ల అద్దె అనుకుందాం. బ్రోచర్ లెక్కలో ఇది 6.67 శాతం రాబడి. చదరపు అడుగుకు 15 దిర్హమ్‌ల చొప్పున సర్వీస్ ఛార్జీ 13,500. ఇక్కడ కూర్చుని అద్దెకిచ్చేవారికి మేనేజ్‌మెంట్ కంపెనీ తప్పదు, 5 శాతం అంటే 4,000. ఇక ఇండియా పన్ను. అద్దెలో 30 శాతం ప్రామాణిక మినహాయింపు పోను 56,000 మీద, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం, అంటే 17,472. సర్వీస్ ఛార్జీని విడిగా తగ్గించుకునే వీలు లేదు, ఆ 30 శాతంలోనే అన్నీ వచ్చినట్టు చట్టం లెక్క. చేతికి మిగిలేది 45,028. పెట్టింది ఫీజులతో కలిపి 12,77,980 కాబట్టి అసలు రాబడి 3.5 శాతం. ఇల్లు ఒక నెల ఖాళీగా ఉంటే ఇంకా తగ్గుతుంది. యూఏఈలో పన్ను కట్టలేదు కాబట్టి ద్వంద్వ పన్ను ఒప్పందం చూపి ఇక్కడ తగ్గించుకోవడానికి ఏమీ ఉండదు.

అందువల్ల అద్దె ఆదాయం కోసమే దుబాయ్ ఫ్లాట్ కొనమని ఇక్కడ నివసించేవారికి నేను చెప్పను. డాలర్‌తో ముడిపడిన ఆస్తి ఒకటి కావాలి, పిల్లలు అక్కడ స్థిరపడుతున్నారు, లేదా తామే వెళ్లబోతున్నారు అన్నవారికి మాత్రం సబబు.

అక్కడే ఉద్యోగం చేస్తున్న మనవాళ్ల సంగతి పూర్తిగా వేరు. ఇండియాలో నాన్ రెసిడెంట్‌గా ఉన్నంతకాలం ఆ అద్దెకు ఇక్కడ పన్ను లేదు, ఎల్‌ఆర్‌ఎస్ లేదు, టీసీఎస్ లేదు. 50 లక్షల దిర్హమ్‌ల లోపు మొదటి ఇంటికి ధరలో 80 శాతం దాకా అక్కడి బ్యాంకు రుణం ఇస్తుంది. రుణం మొత్తంలో 0.25 శాతం, దానికి తోడు 290 దిర్హమ్‌లు మార్ట్‌గేజ్ రిజిస్ట్రేషన్‌కు పోతాయి. 2025 ఫిబ్రవరి నుంచి బదిలీ ఫీజునూ కమిషన్‌నూ రుణంలో కలిపి ఇవ్వడం ఆపేశారు, కాబట్టి 20 శాతంతో పాటు ఇంకో 7 శాతం నగదు చేతిలో ఉండాలి. ఆ ఇంటిని తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవచ్చు, ఫెమా ఒప్పుకుంటుంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవారు మొదటి రెండు మూడేళ్లు ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే అయినా సాధారణ రెసిడెంట్ కాని) హోదాలో ఉంటారు, అప్పటిదాకా దుబాయ్ అద్దె మీద ఇక్కడ పన్ను పడదు. అమ్మదలచుకుంటే ఆ కాలంలోనే అమ్మడం లాభం.

గోల్డెన్ వీసా గురించి అపోహలు చాలా. 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తికి పదేళ్ల వీసా ఇస్తారు, ఆస్తి ఉన్నంతకాలం పొడిగించుకోవచ్చు. మామూలు రెసిడెన్సీ వీసా ఆరు నెలలు యూఏఈ బయట ఉంటే పోతుంది, దీనికి ఆ నియమం లేదు. భార్యాభర్తల ఉమ్మడి ఆస్తికి ధ్రువీకరించిన వివాహ పత్రం జత చేయాలి. 20 లక్షలంటే దాదాపు 5,45,000 డాలర్లు. ఇద్దరి కోటా కలిపినా ఒక ఏడాదిలో సరిపోదు, రెండు ఆర్థిక సంవత్సరాలు పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, వీసా చేతిలో ఉన్నంత మాత్రాన ఎన్నారై అయిపోరు. ఇండియాలో 182 రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే ఇక్కడి రెసిడెంటే. యూఏఈ పన్ను నివాస ధ్రువపత్రం కావాలన్నా అక్కడ 183 రోజులు ఉండాలి. రెసిడెన్సీ వీసాతో పాటు అక్కడ శాశ్వత ఇల్లో ఉద్యోగమో ఉంటే 90 రోజులు చాలు. కార్డు జేబులో పెట్టుకుని కూకట్‌పల్లిలో ఉండేవారికి ఈ ధ్రువపత్రం రాదు.

ఆఫ్ ప్లాన్, అంటే ఇంకా కట్టడం పూర్తికాని ఫ్లాట్ కొనేవారికి రెండు మాటలు. కట్టే ప్రతి దిర్హమ్ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలోకే (ఆ నిర్మాణానికే కేటాయించిన రక్షిత ఖాతా) పోవాలి, 2007 నాటి చట్టం అదే చెబుతోంది. ఏజెంటు ఖాతాకో బిల్డర్ మామూలు ఖాతాకో అడిగితే అక్కడితో ఆపేయండి. ఊకూద్ (ఆఫ్ ప్లాన్ కొనుగోలు నమోదు) రిజిస్ట్రేషన్ అయిందో లేదో ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి దుబాయ్ రెస్ట్ యాప్‌లో చూసుకోవచ్చు. వాయిదాలు ఆగితే నష్టం పెద్దది. నిర్మాణం 60 శాతం దాటాక ఒప్పందం రద్దయితే బిల్డర్ ఇంటి ధరలో 40 శాతం దాకా ఉంచుకోవచ్చు. మూడేళ్ల వాయిదాలంటే మూడేళ్ల ఎల్‌ఆర్‌ఎస్ కోటా అన్నమాట. ఆ ఏళ్లలో పిల్లల చదువుకు పంపే డబ్బు కూడా అదే కోటాలోంచి పోతుంది.

అద్దెకిచ్చేటప్పుడు తెలియాల్సిన నియమం ఒకటుంది. అమ్మడానికో, సొంతంగా ఉండడానికో కిరాయిదారును ఖాళీ చేయించాలంటే నోటరీ ద్వారా గానీ రిజిస్టర్డ్ పోస్టులో గానీ 12 నెలల ముందు నోటీసు ఇవ్వాలి. వాట్సాప్ సందేశం చెల్లదు. అద్దె పెంచాలన్నా 90 రోజుల ముందు చెప్పాలి. ప్రస్తుత అద్దె మార్కెట్ సగటు కన్నా 10 శాతానికి మించి తక్కువగా ఉంటేనే పెంపు కుదురుతుంది, అదీ 5 నుంచి 20 శాతం మధ్య.

అమ్మితే వచ్చిన లాభం మీద, రెండేళ్లు దాటిన ఆస్తికి ఇండియాలో 12.5 శాతం పన్ను; 2024 జూలై 23న గానీ ఆ తర్వాత గానీ కొన్నదానికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి చూపడం) లేదు. కొన్న ధర అప్పటి మారకంతో, అమ్మిన ధర ఇప్పటి మారకంతో రూపాయల్లోకి మారుతుంది. దిర్హమ్‌లలో ఒక్క పైసా లాభం రాకపోయినా రూపాయి బలహీనపడితే పన్ను పడుతుంది. 4 శాతం ఫీజు, కమిషన్ కొనుగోలు ఖర్చులో కలుస్తాయి, ఆ రసీదులు పారేయకండి. అమ్మిన ఇంటి లాభంతో ఇండియాలో ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. ఇక్కడ అమ్మి దుబాయ్‌లో కొంటే లేదు.

ఆదాయ పన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏ అన్నిటికన్నా జాగ్రత్తగా నింపాల్సిన భాగం. ఇది ఆర్థిక సంవత్సరం ప్రకారం కాదు, డిసెంబర్ 31తో ముగిసే క్యాలెండర్ సంవత్సరం ప్రకారం. ఫ్లాట్ ఒక పట్టికలో, అద్దె పడే దుబాయ్ బ్యాంకు ఖాతా మరో పట్టికలో చూపాలి. చూపకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానాకు ఆస్కారం ఉంది. 2024లో 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు ఇచ్చిన సడలింపు స్థిరాస్తికి వర్తించదు. అద్దెను దుబాయ్ ఖాతాలోనే ఉంచినా ఇక్కడ చూపాల్సిందే. ఆ ఖాతాలో మళ్లీ పెట్టుబడి పెట్టకుండా ఖాళీగా పడి ఉన్న సొమ్మును 180 రోజుల్లోగా ఇండియాకు తేవాలి. సర్వీస్ ఛార్జీకి కావలసినంత అక్కడ ఉంచి, మిగిలింది మూడు నెలలకోసారి ఇక్కడికి పంపించేలా బ్యాంకుకు చెప్పి పెట్టుకుంటే ఈ గడువు దాటిపోదు.